వీపు మీద స్పిరిట్

చెన్నైలో, చుట్టుపక్కల ఊళ్లలో ఈ ప్రసంగం వింటున్న తెలుగువారందరికీ నమస్కారం.

నేను నర్సుని. మాది నెల్లూరు జిల్లా. నర్సింగ్ చదవడానికి చెన్నై వచ్చాను. చదువయ్యాక ఇక్కడే వార్డుల్లో పనిచేశాను. ఇప్పుడు విద్యార్థులకి పాఠాలు చెబుతున్నాను. నర్సింగ్‌లో పరిశోధన గురించి మాట్లాడమన్నారు. పరిశోధన అంటే మీకు ల్యాబ్, మైక్రోస్కోపు గుర్తొస్తాయేమో. నాకైతే సూళ్లూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన వీపు గుర్తొస్తుంది.

అప్పుడు నేను మూడో సంవత్సరం విద్యార్థిని. నైట్ డ్యూటీ. ఆయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట పోయింది. తెల్లవారుజామున బ్యాక్ కేర్ చెయ్యాలి. సబ్బునీళ్లతో వీపు తుడిచి, ఆరనిచ్చి, అరచేతిలో స్పిరిట్ పోసుకుని గుండ్రంగా రుద్ది, పైన పౌడర్ అద్దాలి. ఆ రోజు ఆయన్ని పక్కకి తిప్పేసరికి నడుము కింద, వెన్నుపూస చివర, రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ కనిపించింది. ఎరుపు కనిపిస్తే ఇంకాస్త గట్టిగా రుద్దండి, రక్తం బాగా ఆడుతుంది అని మాకు నేర్పారు. రుద్దాను. మంచం పక్కన నిలబడ్డ వాళ్లమ్మాయి, "చాల్లేమ్మా, నీ చేతులు పడిపోతాయి" అంది. అయినా ఆపలేదు. మూడో రోజుకి అక్కడ చర్మం లేచిపోయి పచ్చి పుండు పడింది. నేను సరిగ్గా రుద్దకపోవడం వల్లే ఇలా అయిందనుకుని హాస్టల్‌కి వెళ్లి ఏడ్చాను.

ఏళ్ల తర్వాత, ఎమ్మెస్సీ చదివేటప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. ఎముక మీద చర్మం అలా ఎర్రబడిందంటే లోపలి కండకి అప్పటికే దెబ్బ తగిలి ఉండొచ్చని అర్థం. పరుపుకీ ఎముకకీ మధ్య నలిగి, రక్తం అందక, సన్నటి రక్తనాళాలు బలహీనపడి ఉండొచ్చు. వాటి మీద చేత్తో గట్టిగా రుద్దితే చిట్లిపోవచ్చు. స్పిరిట్ చర్మంలో తేమని లాగేస్తుంది, ఎండిన చర్మం తొందరగా పగులుతుంది. బెడ్ సోర్ల మీద, అంటే మంచం పట్టినవాళ్లకి పడే ఇలాంటి పుండ్ల మీద వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఎర్రబడ్డ చోట రుద్దొద్దనే చెబుతున్నాయి. నాకు నేర్పిన టీచర్ మంచి టీచర్. ఆవిడకి వాళ్ల టీచర్ అలాగే నేర్పింది. ఇంతమందిమి ఇన్నేళ్లు రుద్దుతూనే ఉన్నాం. రుద్దిన వాళ్లలో ఎంతమందికి పుండు పడింది, రుద్దని వాళ్లలో ఎంతమందికి పడింది అని మా వార్డులో ఎవరూ లెక్క పెట్టి చూడలేదు.

ఆ లెక్క పెట్టడమే పరిశోధన. ఆ లెక్కని బట్టి రేపటి డ్యూటీలో చేసే పని మార్చుకోవడాన్ని ఎవిడెన్స్ బేస్డ్ ప్రాక్టీస్ అంటాం. పేరు పెద్దది, పని మాత్రం ఇదే.

లెక్క ఎలా పెట్టాలో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. చెట్‌పెట్‌లో క్షయ పరిశోధన సంస్థ ఉంది, ఆ దారిన వెళ్తూ మీలో చాలామంది బోర్డు చూసే ఉంటారు. 1956లో అది టీబీ కీమోథెరపీ సెంటర్‌గా, అంటే క్షయకి మందులతో వైద్యం చేసే కేంద్రంగా మొదలైంది. అప్పట్లో క్షయ వస్తే శానటోరియంలో, అంటే క్షయ రోగుల ఆస్పత్రిలో చేర్చాల్సిందే అనేవాళ్లు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం మన వాళ్లలో చాలామందికి తెలిసిన పేరే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి ఉంటేనే జబ్బు తగ్గుతుందని నమ్మకం. రోగులు లక్షల్లో ఉన్నారు, పడకలు మాత్రం వేలల్లోనే ఉన్నాయి. అదే సమయానికి మందులు వచ్చాయి. మరి ఆ మందులే ఇంటి దగ్గర ఇస్తే?

ఇక్కడే వాళ్లు చేసిన పని చూడండి. బలంగా ఉన్నవాళ్లని ఇంటికి పంపి, నీరసంగా ఉన్నవాళ్లని శానటోరియంలో పెడితే ఇంటి వైద్యం గొప్పగా కనబడుతుంది. అది మోసపు లెక్క అవుతుంది. అందుకే ఎవరు ఎక్కడికి వెళ్లాలో డాక్టరు ఇష్టానికి వదల్లేదు, రోగి ఇష్టానికీ వదల్లేదు. చీట్లు తీసినట్టు, ఏ వంతు ఎవరికొస్తే వాళ్లు అటు. మొత్తం 193 మంది. సగం మంది శానటోరియంకి, సగం మంది ఈ నగరంలోని తమ ఇరుకు ఇళ్లకి. మందులు ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు.

ఇంటి దగ్గర ఉన్నవాళ్లకి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, గది నిండా జనం. అయినా 1959లో ఫలితాలు అచ్చయ్యేసరికి ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా శానటోరియం వాళ్లకి దాదాపు సమానంగా కోలుకున్నారు. ఇంట్లో పిల్లలకి, మిగతావాళ్లకి జబ్బు ఎక్కువగా అంటుకుంటుందేమో అన్న భయం మిగిలింది. ఆ కుటుంబాలని అయిదేళ్లు చూశారు. శానటోరియంకి వెళ్లినవాళ్ల కుటుంబాల కంటే వీళ్లకి ప్రమాదం ఎక్కువ కాలేదు. ప్రపంచంలో శానటోరియంల రోజులు చెల్లిపోవడానికి మద్రాసు ఇళ్లలో జరిగిన ఈ లెక్క ఒక పెద్ద కారణం.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇంకొకటుంది. మందులు తీసుకెళ్లినవాళ్లు నిజంగా మింగుతున్నారా అని తెలుసుకోవడానికి సిబ్బంది చెప్పకుండా ఇళ్లకి వెళ్లేవాళ్లు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవాళ్లు, మూత్రం పరీక్షకి తీసుకునేవాళ్లు. ఒంట్లో కాస్త బాగుందనిపించగానే చాలామంది మానేస్తున్నారని అలా బయటపడింది. మందు ఎదురుగా మింగించాలన్న ఆలోచన అక్కడ బలపడింది, అదే తర్వాత డాట్స్ అనే క్షయ వైద్య పద్ధతి అయింది. మెట్లెక్కి, తలుపు తట్టి, మాత్రలు లెక్కపెట్టిన ఆ మనుషుల పేర్లు ఏ పుస్తకంలోనూ పెద్దగా కనిపించవు. నాకు వాళ్లంటే గౌరవం.

ఇప్పుడు మా ఇంటి సంగతి. బీఎస్సీ నర్సింగ్ విద్యార్థులకి రీసెర్చ్ ఒక సబ్జెక్ట్. ఎమ్మెస్సీలో థీసిస్ తప్పనిసరి. చాలా థీసిస్‌లు ఒకే అచ్చులో ఉంటాయి: ఒక విషయం మీద ముందు ప్రశ్నపత్రం ఇస్తారు, ఒక క్లాసు చెబుతారు, మళ్లీ అదే ప్రశ్నపత్రం ఇస్తారు, మార్కులు పెరిగాయని రాస్తారు. క్లాసు వింటే మార్కులు పెరగవా? పుండ్లు తగ్గాయా అన్నది కదా తెలియాల్సింది! నా థీసిస్ కూడా అలాంటిదే, బైండింగ్ చేయించి లైబ్రరీలో పెట్టాను. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే మా విద్యార్థుల్ని ప్రశ్న అడగడం దగ్గరే ఎక్కువ రోజులు కూర్చోబెడతాను. ఎవరికి, ఏం చేస్తే, దేనితో పోలిస్తే, ఏం మారింది? ఈ నాలుగూ ఒక్క వాక్యంలో పట్టకపోతే ఆ ప్రశ్న ఇంకా పండలేదన్నమాట.

నర్సులు అడిగిన అలాంటి ప్రశ్న ఒకటి చెబుతాను. డ్రిప్ కోసం చేతి నరంలో పెట్టే సన్నటి గొట్టాన్ని, అంటే క్యాన్యులాని, మూడు రోజులకోసారి తీసి కొత్తది గుచ్చడం చాలాచోట్ల రూలు. నరాలు దొరకని పేషెంట్‌కి అదెంత నరకమో మీలో కొందరికి అనుభవమే. బాగానే పనిచేస్తున్నదాన్ని ఎందుకు తీయాలి? ఆస్ట్రేలియాలో క్లెయిర్ రికార్డ్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ బృందం 3,283 మంది పేషెంట్లని చీట్ల పద్ధతిలోనే రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి గడువు ప్రకారం మార్చారు, రెండో జట్టుకి అవసరమైనప్పుడే మార్చారు. 2012లో ఫలితం వచ్చింది. నరం వాచడం రెండు జట్లలోనూ 7 శాతమే.

అంతటితో అయిపోలేదు. 2021లో జెనీవాలోని ఒక పెద్ద ఆస్పత్రి తన అనుభవం బయటపెట్టింది. అవసరమైతేనే మార్చే పద్ధతికి వెళ్లాక అక్కడ రక్తంలో ఇన్ఫెక్షన్లు పెరిగాయి, పాత గడువు మళ్లీ పెట్టాక తగ్గాయి. నాకు తోచిన మాట: గడువు తీసేస్తే, ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు ఆ చేతిని తప్పకుండా చూడాలి. చూసే మనిషి లేనిచోట గడువు తీసేయకూడదు.

చూసే మనిషి ఉండటం అంత తేలిక కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రుల లెక్కలు తీసి, లిండా అయికెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి బృందం 2002లో ఒక మాట చెప్పింది: ఒక నర్సు మీద ఒక్క పేషెంట్ పెరిగినకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. వార్డులో ఒక్క సిస్టర్ అటూ ఇటూ పరిగెడుతుంటే, దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. కసురుకోవద్దు.

లెక్కలు చదివినంత మాత్రాన పని అయిపోదు, ఎదుటి మనిషిని కూడా వినాలి. గూడూరు నుంచి ఒక అవ్వ వచ్చింది, తుంటి ఎముక విరిగి. పుండు పడకుండా గాలి పరుపు వేశాం. "అమ్మా, ఉయ్యాల్లో పడుకున్నట్టుంది, కళ్లు తిరుగుతున్నాయి, తీసెయ్యండి" అని రెండు రాత్రులు నిద్రపోలేదు. తీసేశాం. బదులుగా తరచుగా పక్కకి తిప్పాం. పిక్క కింద దిండు పెట్టి మడమ పరుపుకి తగలకుండా గాల్లో ఉంచాం. పుండు పడలేదు, ఆవిడ నిద్రపోయింది.

మీ ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లుంటే ఆ దిండు చిట్కా మీరూ చెయ్యొచ్చు. రోజూ నడుము కింద, మడమలు, తుంటి పక్కలు చూడండి. ఎర్రటి చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే అక్కడి బరువు తీసేస్తే కుదుటపడుతుంది. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే వెంటనే డాక్టరుకో నర్సుకో చూపించండి. మనది చామనఛాయ, నలుపు. మన ఒంటి మీద ఎరుపు చాలాసార్లు కనిపించనే కనిపించదు. అందుకని చేతి వెనక భాగం ఆనించి చూడండి. చుట్టూ ఉన్న చర్మం కంటే అక్కడ వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తగిలితే అదే గుర్తు. రుద్దకండి.

మా క్లాసులో ఇప్పుడొక నోట్‌బుక్ ఉంది. వార్డులో "ఇదెందుకు చేస్తున్నాం?" అనిపించిందల్లా అందులో రాయమన్నాను. కావలి నుంచి వచ్చిన ఒక మొదటి సంవత్సరం పిల్ల రాసింది: "తెల్లవారుజామున నాలుగున్నరకి పేషెంట్లని లేపి ఒళ్లు ఎందుకు తుడుస్తున్నాం మేడం?" సీనియర్లని అడిగాం. ఏడున్నరకి డ్యూటీ మారుతుంది, అప్పటికి పనులన్నీ అయిపోవాలి అన్నారు. పేషెంట్‌కి దానివల్ల మేలు అని ఒక్కరూ చెప్పలేదు. నిన్నటి నుంచి ఆ పిల్ల, తన బ్యాచ్‌లో ఇంకో ఇద్దరు, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్ దగ్గర అనుమతి తీసుకుని, ఎవరిని ఎన్ని గంటలకి లేపుతున్నారో, వాళ్లు మళ్లీ నిద్రపోతున్నారో లేదో రాసుకోవడం మొదలుపెట్టారు.

నమస్కారం.