ఫైటర్ చేపకు సీసా చాలదు: తక్కువ ఖర్చుతో చిన్న తొట్టి, స్పాంజ్ ఫిల్టర్

(తెరపై: బల్ల మీద వరసగా పేర్చిన చిన్న సీసాలు, ఒక్కో దానిలో ఒక ఫైటర్ చేప)

నమస్కారం. నల్లగొండలో ఫైటర్ చేప కొనడానికి వెళితే తరచుగా వినిపించే మాట ఒకటుంది: "దీనికి ఫిల్టర్ అక్కర్లేదండీ, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, సీసాలో వేసినా బతుకుతుంది." ఈ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. గాలి పీల్చుకోవడం నిజమే. ఫిల్టర్ అక్కర్లేదన్నదే చేప ప్రాణం తీస్తోంది.

మొప్పల పైభాగంలో మడతలు మడతలుగా ఉండే లాబిరింత్ అనే అవయవంతో ఇది గాలి పీల్చుకుంటుంది. మన రాష్ట్ర చేప కొర్రమట్టకూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మార్కెట్లో నీళ్లు లేకపోయినా అది గంటల తరబడి కదులుతూ ఉండేది అందుకే. అయితే ఊపిరి సంగతి వేరు, విషం సంగతి వేరు. చేప మొప్పల నుంచి, మలం నుంచి, తినకుండా వదిలేసిన మేత నుంచి నీళ్లలో అమోనియా చేరుతుంది. పైకొచ్చి గాలి పీల్చుకున్నా ఒళ్లంతా నానేది ఆ నీళ్లలోనే కదా! మొప్పలు దెబ్బతింటాయి, చేప మేత మానేసి అడుగున పడి ఉంటుంది. అది చనిపోయాక "ఈ జాతి ఆయుష్షే అంత" అని తేల్చేస్తారు. సరిగ్గా చూసుకుంటే రెండు మూడేళ్లు బతికే చేప అది.

"థాయ్‌లాండ్‌లో వరి పొలాల్లో ఉండే చేపే కదా, దానికి తొట్టి ఎందుకు?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. మంచి ప్రశ్న. ఆ పొలంలోకే వెళదాం. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద నాటు వేసిన మడి మీరు చూసే ఉంటారు. ఎకరం మడిలో రెండంగుళాల నీళ్లు నిలిపితే సుమారు 2 లక్షల లీటర్లు! పాదం మునిగేంత లోతే అయినా, చేప తిరగడానికి ఎకరం చోటుంది. రెండు లీటర్ల సీసాను సమర్థించడానికి పొలాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లు లోతు చూస్తున్నారు గానీ, గట్టుకూ గట్టుకూ మధ్య దూరం చూడడం లేదు.

ఆ మడిలో నీళ్లే కాదు, బురద కూడా ఉంది. బురదలో బాక్టీరియా ఉంది. నైట్రోసోమోనాస్ వంటివి అమోనియాను నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటివి దాన్ని అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మారుస్తాయి. నత్రజనిని వరి వేళ్లు లాగేసుకుంటాయి. రైతు యూరియా చల్లేది ఆ నత్రజని కోసమే. ఈ ఏర్పాటంతా తెలిశాక నాకు వరి మడి కేసి చూసే చూపే మారిపోయింది.

ఇప్పుడు మన తొట్టి. 20 లీటర్లకు తగ్గకూడదు, అంటే ఇంటికి వచ్చే మంచినీళ్ల క్యాను అంత. ఎత్తుగా నిలబడే తొట్టి కాకుండా, మడిలా అడ్డంగా పరుచుకున్నది తీసుకోండి.

బురద చేసే పనిని స్పాంజ్ ఫిల్టర్ చేస్తుంది: ఆ బాక్టీరియా స్పాంజ్‌లో కాపురం పెడుతుంది. ఫిల్టరూ, చిన్న గాలి పంపూ కలిపి అయిదారు వందల్లో వస్తాయి. పంపు రోజంతా నడిచినా నెలకు రెండు మూడు యూనిట్ల కరెంటే.

(తెరపై: బకెట్‌లో స్పాంజ్‌ను పిండుతున్న చేతులు)

కొత్త స్పాంజ్ నీళ్లలో వేయగానే తేలుతుంది. నీళ్ల లోపలే పట్టుకుని నాలుగైదుసార్లు గట్టిగా పిండండి. బుడగలన్నీ పోయి బరువెక్కి, అడుగున కూర్చుంటుంది. పంపు మాత్రం నీటి మట్టం కంటే ఎత్తులో ఉండాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపులో చేరతాయి.

గాలి ఎంత వదలాలి? మడిలో నీళ్లు పరుగెత్తవు. చేప తోక ఒక పక్కకు కొట్టుకుపోతున్నా, అది ఫిల్టర్‌కు దూరంగా మూలన నక్కుతున్నా గాలి ఎక్కువైనట్టే. గొట్టానికి ఉండే చిన్న వాల్వు తిప్పి తగ్గించండి.

ఇక అందరూ తొందరపడే చోటు. స్పాంజ్ పెట్టగానే బాక్టీరియా వచ్చేయదు. బాక్టీరియాకు అమోనియా అందేలా చిటికెడు మేత వేస్తూ, చేప లేకుండానే నాలుగు నుంచి ఆరు వారాలు నడపాలి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అని పరీక్ష కిట్ చూపించాకే చేప. ఆరోగ్యంగా ఉన్న తొట్టి నడిపే స్నేహితులు ఉంటే, వాళ్ల పాత స్పాంజ్ పిండిన మురికి నీళ్లు అడిగి తెచ్చి పోసుకోండి, పని త్వరగా అవుతుంది. దయచేసి స్పాంజ్‌ను నల్లా కింద కడగకండి. క్లోరిన్‌కు ఆ బాక్టీరియా చస్తుంది. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే మెల్లగా పిండితే చాలు.

నీళ్ల గురించి: భగీరథ నల్లా నీళ్లయితే క్లోరిన్ పోయే చుక్కల మందు వేయండి, లేదా వెడల్పు బకెట్‌లో ఒక రోజు తెరిచి ఉంచండి. మన బోరు నీళ్లు బాగా కఠినం కాబట్టి నల్లా నీళ్లకే నా ఓటు. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోయకండి, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు.

సమయం దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వేడి 24 నుంచి 28 డిగ్రీలు. చలికాలం రాత్రులకు 25 వాట్ల హీటరు, మే నెలలో కిటికీ ఎండకు దూరంగా చల్లని గది. వరి వేళ్లకు బదులు జావా ఫెర్న్, అనూబియాస్ అనే నీటి మొక్కలు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాలి. పూటకు రెండు మూడు గింజలే మేత. ఇది ఎగిరి దూకుతుంది కాబట్టి మూత తప్పనిసరి. రెండు మగ చేపలను కలిపి ఉంచవద్దు.

తొట్టి, ఫిల్టర్ ఈ వారమే కొనండి. చేపను వచ్చే నెలలో తెచ్చుకోండి.