తూర్పు హద్దు

సభకు నమస్కారం. పేరుపేరునా పలకరించడం మొదలుపెడితే నాకిచ్చిన 20 నిమిషాలూ దానికే అయిపోతాయి, కాబట్టి క్షమించాలి. అధ్యక్షులవారు నన్ను మాస్టారని పరిచయం చేశారు. నేను మాస్టార్ని కాదండీ, సర్వేయర్ని. 34 ఏళ్లు గుంటూరు జిల్లా పొలాల్లో గొలుసు లాగించి రిటైరయ్యాను. ఇప్పుడు ఇక్కడ న్యూజెర్సీలో మనవణ్ణి స్కూలు బస్సు ఎక్కించే పని చేస్తున్నాను.

మార్ల్‌బరోలో పాత స్కాట్స్ శ్మశానం ఉంది. మీలో చాలామంది ఆ దారినే కూరగాయలకి వెళ్తుంటారు. లోపలికి వెళ్లి చూసినవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి. ఇద్దరు. వెనక ఆయన తల గోక్కుంటున్నారనుకుంటా. సరే, ఒక్కరు.

అక్కడిప్పుడు చర్చి లేదు. సమాధి రాళ్లున్నాయి. 1692 ప్రాంతంలో స్కాట్లండు నుంచి వచ్చిన ప్రెస్బిటేరియన్లు, అంటే రాజుగారి చర్చిలో కలవని ఒక క్రైస్తవ శాఖవాళ్లు, అక్కడ ప్రార్థనకు ఒక ఇల్లు కట్టుకున్నారంటారు. మీటింగ్ హౌస్ అనేవారు దాన్ని. వీళ్లు హెచ్-1 మీద వచ్చినవాళ్లు కాదు. రాజుగారి పద్ధతిలో ప్రార్థన 'మేం చెయ్యం' అన్నందుకు జైళ్లు చూసినవాళ్లు. 1685లో లీత్ రేవు నుంచి 'హెన్రీ అండ్ ఫ్రాన్సిస్' అనే ఓడ అలాంటివాళ్లతో బయల్దేరింది. దారిలో జ్వరాలు తగులుకుని ఎంతోమంది పోయారు, ప్రయాణం కట్టించిన జార్జి స్కాట్‌తో సహా. మిగిలినవాళ్లు డిసెంబరు చలిలో పెర్త్ ఆంబోయ్‌లో దిగారు. ఆ ఏడే దేశబహిష్కారం పడిన వాల్టర్ కెర్ అనే ఆయన సమాధి మార్ల్‌బరో గుట్ట మీదే ఉంది.

అమెరికాలో మొదటి ప్రెస్బిటరీ, అంటే వాళ్ల పాదుర్ల పెద్దల సభ, పెట్టిన కొత్తలో జాన్ బాయిడ్ అనే కుర్రాడికి అభిషేకం చేసింది. 1706 డిసెంబరు 29, ఆదివారం. ఆ సభ మినిట్స్ పుస్తకం ఇప్పటికీ ఉంది గానీ మొదటి కాగితం పోయింది. మిగిలిన పుస్తకం ఈ బాయిడ్ గారి వ్యవహారం మధ్యలోనే మొదలవుతుంది. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన రికార్డు రూముల్లోనూ అంతే కదా! ఏ కట్ట విప్పినా చెదలు సరిగ్గా మనకు కావలసిన పేజీతోనే మొదలుపెడతాయి. బాయిడ్ రెండేళ్లు తిరగకుండానే, 1708లో పోయాడు. ఆయన్నీ ఆ గుట్ట మీదే పెట్టారు.

ఇక కాగితాల సంగతి. ఈ తూర్పు జెర్సీ నేలంతా ఒకప్పుడు 24 మంది యజమానులది. 1682 నాటి మాట. వాళ్ల దగ్గర్నుంచే ఎవరైనా పట్టా తీసుకోవాలి, ఏటా శిస్తు కట్టాలి. మన జమీందారీలే అనుకోండి. మనవి 1948 చట్టంతో పోయాయి. వీళ్ల బోర్డు మాత్రం 1998 దాకా బతికే ఉంది. 1998! నేను అప్పుడు సర్వీసులో ఉన్నాను. ఆ కాగితాలు ఇప్పుడు ట్రెంటన్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఆ దస్తావేజులు చదవడం నాకు కష్టం కాలేదు. ఇంగ్లిషు కష్టమే, కొలతలు కాదు. 'తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, వాయవ్యంగా ఇన్ని గొలుసులు, అక్కణ్ణుంచి వాగు వెంబడి' అని నడుస్తాయి. ఆ గొలుసు నేను మోసిన గొలుసే! 66 అడుగులు, 100 లింకులు. 10 చదరపు గొలుసులైతే ఎకరం. మన సెంటు అంటే 1000 చదరపు లింకులు. ఇంగ్లండులో గంటర్ అనే ఆయన తయారుచేసిన గొలుసు ఇటు వీళ్ల అడవికీ వచ్చింది, అటు మా రేగడికీ వచ్చింది. రెండు మెళకువలు మాత్రం ఉన్నాయి. అప్పటి దిక్సూచి చూపిన ఉత్తరం ఇప్పటి ఉత్తరం కాదు, సవరించుకోవాలి. 1752కి ముందు వీళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న. అందుకే ఫిబ్రవరి నాటి కాగితం మీద '1749/50' అని రెండేళ్లూ వేస్తారు. తెలియకపోతే తండ్రి కొనకముందే కొడుకు అమ్మినట్టు లెక్క తేలుతుంది.

చర్చి పేరు మీద దస్తావేజు వెతుకుదామని కూర్చుంటే ఏమీ దొరకదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఇలాంటి సంఘానికి చట్టంలో ఉనికే లేదు. 1705 డిసెంబరులో వాల్టర్ కెర్ వాళ్లు కోర్టుకెళ్లి, అయ్యా, మా మీటింగ్ హౌస్‌ని రికార్డులో రాసుకోండని అర్జీ పెట్టుకున్నారు. అది ప్రార్థనకు అనుమతి, భూమికి పట్టా కాదు. భూమి ఎవరో ఒక పెద్దమనిషి పేర ఉండాలి. ఆయన పోతే వారసులు, వారసులంటే తగువులు. న్యూయార్కులో వాల్ స్ట్రీట్ మీద 1719లో చర్చి కట్టినవాళ్లయితే చార్టర్ కోసం, అంటే సంఘానికి చట్టంలో ఉనికినిచ్చే సర్కారు పత్రం కోసం, అడిగీ అడిగీ విసిగిపోయారు. రాజుగారి చర్చివాళ్లు అడ్డుపడుతూనే ఉన్నారు. చివరికి 1730లో ఆ స్థలాన్ని సముద్రం అవతల స్కాట్లండు చర్చి మహాసభ పేర రాసిచ్చేశారు! బాపట్లలో స్థలం కాపాడుకోలేక లండన్లో ఉన్న బంధువు పేర పెట్టినట్టు. ఇక్కడి ఫ్రీహోల్డు వాళ్లకి, అంటే ఈ కెర్ గారి సంఘానికి, 1750లో గవర్నర్ బెల్చర్ దయవల్ల చార్టర్ దొరికింది. అప్పటికే సంఘం ఇంకో గుట్ట మీదకి, ఇప్పటి టెనెంట్ చర్చి దగ్గరికి, మారిపోయింది. సమాధులు మాత్రం పాత గుట్ట మీదే మిగిలాయి.

మరి కాగితం లేని స్థలాన్ని ఎలా పట్టుకుంటారు? పక్కవాడి దస్తావేజులో. పక్క పొలం అమ్మినప్పుడల్లా 'మీటింగ్ హౌస్ భూమి మూల దాకా' అనో, 'సమాధుల స్థలం మినహా' అనో రాస్తారు. అలాంటివి నాలుగు దిక్కులా నాలుగు దొరికితే మధ్యలో ఖాళీగా మిగిలింది మీ శ్మశానం. మన భాషలో చెక్కుబందీ, నాలుగు హద్దుల వివరం, అంతే కదండీ.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఐదు నిమిషాలు. నిజానికి నేను చెప్పాలనుకున్నది ఇప్పటిదాకా చెప్పింది కాదు.

నాకు 26 ఏళ్లప్పుడు మా ఊరి శివార్లలోనే ఒకాయన పొలం కొలవాల్సొచ్చింది. దస్తావేజులో 'తూర్పు: డొంక' అని ఉంది. ఎండ మాడుస్తోంది, సర్వే రాయి కనపడలేదు, చైన్‌మన్ అన్నం టైమైందంటున్నాడు. డొంక దాకా కొలిచి, స్కెచ్ గీసి, సంతకం పెట్టాను. లింకు డాక్యుమెంటు, అంటే అంతకుముందరి పాత దస్తావేజు, అడగలేదు. అడగాలని తెలుసు. అడగలేదు.

పొలానికీ డొంకకీ మధ్య 18 సెంట్లలో మా పేటవాళ్ల సమాధులున్నాయి. రాళ్లు లేవు. మట్టి దిబ్బలు, ఈస్టరుకి ముందు సున్నం కొట్టుకునేవాళ్లం. వానాకాలం గడిస్తే మళ్లీ మట్టే. ఆ ఊళ్లో పుట్టినవాణ్ణి, మా నాయనమ్మని మోసినవాణ్ణి, నాకు తెలియదా? తెలుసు. కాగితం డొంక అంది, నేను కాగితాన్ని నమ్మాను. కొత్త ఉద్యోగం, పొరపాటు జరిగితే మెమో వస్తుందని టెన్షన్. మెమో ఎవరూ ఇవ్వలేదు.

మరుసటి ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తే ముళ్ల కంచె ఉంది. మా నాన్న సున్నం బకెట్టు చేత్తో పట్టుకుని కంచె ఇవతల చాలాసేపు నిలబడ్డాడు. "కొలిచిందెవర్రా?" అన్నాడు. నన్నే అడుగుతున్నాడో, తనలో తను అనుకుంటున్నాడో తెలియలేదు. నేను మాట్లాడలేదు. బకెట్టు వెనక్కి నేనే మోశాను. ఆయన పోయేదాకా ఆ మాట మా మధ్య మళ్లీ రాలేదు. తర్వాత అర్జీలు పెట్టాను, ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగాను. అందరూ నా స్కెచ్చే తీసి నాకు చూపించారు.

అందుకని అమ్మలారా, అయ్యలారా, మీ ఇళ్లలో బీరువా అడుగున తాతలనాటి కాగితాలుంటాయి. ఊరెళ్లినప్పుడు తీయండి. మీ విస్తీర్ణం ఎంతుందో తర్వాత చూసుకుందురుగాని, ముందు నాలుగు హద్దులు చదవండి. సమాధులు, వల్లకాడు, దొడ్డి, ఇలాంటి మాటలుంటే ఫోటో తీసుకోండి. మీరు అమ్ముకునేటప్పుడు డాక్యుమెంట్ రైటరు 'ఆ మాట ఉంటే కొనేవాడు జంకుతాడు, బాట అని రాద్దాం' అంటాడు. రాయనివ్వకండి. మీ స్థలంలో లేనివాళ్ల ఇల్లు మీ కాగితంలో ఉండొచ్చు.

రిటైరయ్యాక రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఫీజు కట్టి ఆ పొలం పాత దస్తావేజు నకలు తీయించాను. జేబులోనే ఉంది. ఒక్క లైను చదివి కూర్చుంటాను. కళ్లజోడు... ఆఁ.

"తూర్పు: కిరస్తానపు వాళ్ల సమాధుల దొడ్డి, అందులోని వేపచెట్టు. దానికి తూర్పున డొంక."