అక్క వేలు, అబ్బాయి ఫోను

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నాలుగోసారి వద్దు. అధ్యక్షులవారు నాకు పది నిమిషాలు ఇచ్చారు. అంశం ‘డిజిటల్ వైద్యం, రోగులకు చేరువ’. రాసుకునే వచ్చాను. కానీ పోయిన మంగళవారం సంగతి చెప్పకపోతే ఆ కాగితం చదవడానికి నాకు నోరు రాదు.

మా అక్కకు డెబ్బై నాలుగేళ్లు. పొన్నూరు దగ్గరి మా ఊరి నుంచి తొలి బస్సుకు గుంటూరు వచ్చింది. చేతిలో బట్టల కొట్టువాళ్లు ఇచ్చిన సంచి. అందులో పదకొండేళ్ల షుగరు వ్యాధి మొత్తం ఉంది: మడతల దగ్గర చిరిగిన ఓపీ చీటీలు, ఎక్స్‌రే కవరు, రబ్బరు బ్యాండు వేసిన ఖాళీ మాత్రల అట్టలు. అక్క చదువుకోలేదు. ఏ మందు వాడుతున్నావంటే అట్ట తీసి చూపిస్తుంది. ముప్పై మూడేళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను, అంత పద్ధతిగా దాచుకున్నవాళ్లను పదిమందిని కూడా చూడలేదు.

కౌంటరులో అబ్బాయి మర్యాదస్తుడే. “ఆధార్ నంబరు చెప్పండమ్మా, ఓటీపీ వస్తుంది” అన్నాడు. వచ్చింది, బెంగళూరులో ఉన్న అక్క కొడుక్కి. వాడు ఆఫీసు మీటింగులో ఉన్నాడు. గడువు దాటింది, మళ్లీ పంపారు, మళ్లీ దాటింది. మా వెనక వరుస గుమ్మం బయటికి పోయింది. “ఎదురుగా నేను నిలబడే ఉన్నాను కదే, నేనేనని వాడు చెప్పాలా?” అంది అక్క. పదకొండున్నరకు వాడు ఫోను ఎత్తాడు. అప్పటికి డాక్టరు గారు వార్డులోకి వెళ్లిపోయారు. అది ఏ ఆసుపత్రో అడగకండి, చెప్పను.

నేను కంప్యూటరుకు శత్రువును కాను. మన వైద్యం రికార్డులను కంప్యూటరులో కలిపే కేంద్ర ప్రభుత్వ పథకం, ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్, 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైంది. అందులో ఇచ్చే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు, ఆభా, ఉంటే, మీరు ఒప్పుకున్నాక ఒక ఆసుపత్రి రిపోర్టు ఇంకో ఆసుపత్రిలో చూడవచ్చు. అక్క సంచి చేసే పనే అది, మడతలు చిరగకుండా. కౌంటరులో అక్క కోసం ఓటీపీ అడిగింది ఆ నంబరు ఇవ్వడానికే. అది తీసుకోవడం మన ఇష్టం, తప్పనిసరి కాదు. ఓటీపీ అందనివాళ్లకు వేలిముద్రతో ఇచ్చే దారి కూడా ఉంది. ఆ రోజు కౌంటరులో ఆ మాట ఎవరూ అనలేదు. నాకూ ఇంటికి వచ్చాకే తెలిసింది, ఆ సిగ్గు నాది.

108 మొదలైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. 2005 ఆగస్టు 15. దాని వెనకా కంప్యూటర్లే ఉన్నాయి. కానీ మా అమ్మకు కనిపించినవి మూడు అంకెలే. బొగ్గుతో వంటింటి గోడ మీద రాయించుకుంది. నొక్కితే తెలుగులో మనిషి పలికేవాడు. ఇ-సంజీవనిలో నాకు నచ్చేదీ అదే. ఊరి ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది పక్కన కూర్చుని పట్నం డాక్టరుతో మాట్లాడిస్తారు. ఫోనులో ఎక్కడ నొక్కాలో అక్కకు తెలియాల్సిన పని లేదు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఇంకొక్క మాట. రిపోర్టు చూపించడానికి మీ అనుమతి కావాలని చెప్పాను కదా, ఆ అనుమతి అడిగేదీ ఫోనులోనే. ఫోను అల్లుడి చేతిలో ఉంటే? అత్తగారి గర్భసంచి రిపోర్టు ముందు అల్లుడు చూస్తాడు. ఆమె ఇక ఆసుపత్రికే రాదు. అలా ఆగిపోయిన ఆడవాళ్లు నాకు తెలుసు.

యాప్‌లు తయారుచేసే పిల్లలు వెనక వరుసలో ఉన్నారు, బాబూ, మీకే చెబుతున్నాను. ఓటీపీ రానివాళ్లకు ఏం చేయాలో కౌంటరు తెర మీదే పెద్ద అక్షరాలతో రాయండి.

మిగిలినవాళ్లు చేతులెత్తండి. ఆధార్‌కు ఇచ్చిన నంబరు మీ సొంత ఫోనుదేనా? చూశారా, సగం చేతులు కూడా లేవలేదు. ఓటీపీకి ఖరీదైన ఫోను అక్కర్లేదు, మెసేజీ వచ్చే బటన్ల ఫోను చాలు. సోమవారం పదింటికి అక్కను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్తున్నాను. వచ్చేవాళ్లు బయట టీ దగ్గర నాకు పేరు చెప్పండి. ఆధార్ కార్డు మరిచిపోవద్దు.