ఇన్సూరెన్స్ ఉంది కదా అని కెమెరా సూట్‌కేసులో పెట్టేశారా?

[టేబుల్ మీద ఒక పెద్ద సూట్‌కేసు, పక్కన ఒక భుజం బ్యాగు]

నమస్కారం. ఈ వీడియోకి కారణం మా బాబాయ్. ఆయన్ని అడిగే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పొద్దన్నారు.

బాబాయ్, పిన్ని కిందటేడు యూరప్ టూర్ వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు మెడ పట్టేసిందని 70 వేల కెమెరా తీసి సూట్‌కేసులో, పిన్ని చీరల మధ్య దోపారు. శంషాబాద్‌లో బెల్టు మీద సూట్‌కేసు వచ్చింది. ఇంటికెళ్లి తెరిస్తే చీరలున్నాయి, చాక్లెట్లున్నాయి, కెమెరా కవర్ కూడా ఉంది, జిప్పు నీట్‌గా మూసి మరీ. లోపల కెమెరా లేదు.

"ఏం పర్లేదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించాగా" అని పిన్నికి ధైర్యం చెప్పారట. క్లెయిమ్ పెట్టారు. కొన్నాళ్లకి మెయిల్ వచ్చింది, కుదరదని. కారణాలు రెండు రాశారు. ఒకటి, మీ బ్యాగు పోలేదు, మీకు చేరింది. రెండు, కెమెరా అనేది పాలసీ ప్రకారం "విలువైన వస్తువు", విలువైన వస్తువులకి ఈ కవరేజీ వర్తించదు.

రెండో కారణం ఇంకోసారి వినండి. విలువైనది కాబట్టి డబ్బులు రావు! బాబాయ్ నాకు ఫోన్ చేసి, "ఒరేయ్, అయితే నేను ఇన్సూరెన్స్ చేయించింది తువ్వాళ్లకా?" అని అరిచారు. ఒకరకంగా అవును బాబాయ్, తువ్వాళ్లకే.

ఈయనొక్కడే అయితే వీడియో చేసేవాణ్ణి కాదు. నాకు వచ్చే మెసేజుల్లో సగం ఇదే. "వీసా కోసం ఇన్సూరెన్స్ తీసుకున్నాం కదండీ, ల్యాప్‌టాప్ పోతే ఎంత వస్తుంది?" అసలు షెంగెన్ వీసాకి, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, అడిగే ఇన్సూరెన్స్ ఏంటో తెలుసా? కనీసం 30,000 యూరోల మెడికల్ కవరేజీ. అక్కడ జబ్బు చేస్తే ఆస్పత్రి ఖర్చు, అవసరమైతే వెనక్కి తీసుకురావడానికయ్యే ఖర్చు. అంతే. ఆ వీసా నిబంధనలో మీ సూట్‌కేసు ఊసే లేదు. బ్యాగేజీ అనేది కంపెనీ వాళ్లు పైన తగిలించే తోక.

ఆ తోక ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే మిమ్మల్ని అలిపిరి తీసుకెళ్లాలి.

నడిచి కొండెక్కేవాళ్లం కింద లగేజీ కౌంటర్‌లో బ్యాగు ఇస్తాం కదా. టోకెన్ ఇస్తారు. బ్యాగు వ్యాన్‌లో పైకెళ్తుంది, మనం మెట్లెక్కి వెళ్లి టోకెన్ చూపించి తీసుకుంటాం. ఆ టోకెన్ దేనికిచ్చారు? బ్యాగుకి. లోపల ఏముందో వాళ్లు రాసుకోలేదు, మీరూ చెప్పలేదు. అందుకే ఆ బ్యాగులో మనం పంచెలు, సబ్బు, బిస్కెట్లు పెడతాం. అమ్మ మెడలో గొలుసు తీసి అందులో వేస్తుందా? చచ్చినా వేయదు. మా అమ్మమ్మ అయితే పది రూపాయల నోట్లు కూడా బొడ్లోనే దోపుకునేది.

ఎయిర్‌పోర్టులో చెకిన్ చేస్తే బోర్డింగ్ పాస్ వెనక ఒక స్టిక్కర్ అంటిస్తారు చూశారా? అదే అలిపిరి టోకెన్. అలిపిరిలో మనకున్న తెలివి శంషాబాద్ వెళ్లేసరికి ఎందుకు పోతుందో నాకర్థం కాదు. ఏసీ ప్రభావం అనుకుంటా.

ఇప్పుడు బాబాయ్ పాలసీకి రండి. చాలా ట్రావెల్ పాలసీల్లో "చెకిన్ బ్యాగేజీ పోతే" అనే చోట ఉండే మాట, పూర్తిగా పోవాలని. బ్యాగుకి బ్యాగు మాయమవ్వాలి. బ్యాగు వచ్చి లోపల ఒక వస్తువు లేకపోతే అది వాళ్ల లెక్కలో పోవడం కాదు. టోకెన్ ఇచ్చారు, బ్యాగు ఇచ్చేశారు, లెక్క సరిపోయింది.

సరే, బ్యాగు మొత్తం పోయిందే అనుకుందాం. అప్పుడు "విలువైన వస్తువులు" అనే నిర్వచనం అడ్డొస్తుంది. ఒక పాలసీ తీసి చదివాను. కెమెరాలు, ఆడియో, వీడియో సామాను, కంప్యూటర్లు, ఇంకే ఎలక్ట్రానిక్ వస్తువైనా, ఫోన్లు, గడియారాలు, నగలు, రత్నాలు. ఇంతవరకూ బానే ఉంది. తర్వాత టెలిస్కోపులు, బైనాక్యులర్లు, పెయింటింగులు, జంతువుల బొచ్చుతో చేసిన కోట్లు! విజయవాడ ఎండలో బొచ్చుకోటు వేసుకుని టెలిస్కోపుతో విమానమెక్కే పెద్దమనిషి ఎవరో నాకు చూడాలనుంది. ఆయన మీద మాత్రం కంపెనీ వాళ్లు పూర్తి జాగ్రత్తలో ఉన్నారు.

ఇవన్నీ తీసేస్తే మిగిలేవి బట్టలు, చెప్పులు. వాటికైనా రాసిన మొత్తం వస్తుందా? పాలసీ మీద 1,000 డాలర్లు అని ఉంటుంది. లోపల ఒక్కో బ్యాగుకి సగానికి మించి ఇవ్వమనో, ఒక్కో వస్తువుకి పదో వంతుకి మించి ఇవ్వమనో ఉండొచ్చు. అంటే మీ 12 వేల కంచిపట్టు చీరకి 100 డాలర్లే. పైగా వాడిన వస్తువని తరుగు తీస్తారు.

"మరి ఎయిర్‌లైన్ ఇవ్వదా?" ఇది వేరే కిటికీ. అంతర్జాతీయ ప్రయాణాలకి మాంట్రియల్ కన్వెన్షన్ అని 1999లో కుదిరిన ఒప్పందం ఉంది, 2009లో మన దేశమూ చేరింది. బ్యాగు పోయినా, పాడైనా, ఆలస్యమైనా ఎయిర్‌లైన్ బాధ్యతకి ఒక పైహద్దు పెట్టారు. 2024 డిసెంబర్ 28 నుంచి అది ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్, అదే అంతర్జాతీయ ద్రవ్య నిధి, డబ్బు లెక్కకి వాడే కొలత, రేటు మారుతూ ఉంటుంది. మన డబ్బుల్లో సుమారు లక్షా 80 వేలు అనుకోండి. అది పైహద్దు మాత్రమే, బ్యాగు పోగానే చేతిలో పెట్టే చెక్కు కాదు. ఏం పోయిందో, ఎంతదో మీరు చూపించాలి. మళ్లీ ఎయిర్‌లైన్ షరతులు చదివితే నగలు, డబ్బు, ఎలక్ట్రానిక్స్ చెకిన్ బ్యాగులో పెట్టొద్దనే ఉంటుంది. అందరూ ఒక్క మాట మీద ఉన్నారు, మనం తప్ప.

బెల్టు దగ్గర బ్యాగు రాకపోయినా, పగిలి వచ్చినా ఎయిర్‌పోర్టు దాటకుండా పీఐఆర్ రాయించుకోండి. లగేజీ ఫిర్యాదు కాగితం అది. తర్వాత పాడైన బ్యాగుకి 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చిన బ్యాగుకి అది చేతికొచ్చాక 21 రోజుల్లో రాతపూర్వకంగా ఎయిర్‌లైన్‌కి కంప్లైంట్ వెళ్లాలి. బాబాయ్ ఇంటికొచ్చి, నిద్రపోయి, చుట్టాలకి చాక్లెట్లు పంచి, తొమ్మిదో రోజు ఎయిర్‌లైన్‌కి రాశారు. ఆ చాక్లెట్ల ఖరీదు 70 వేలు.

అయితే అన్నీ భుజం బ్యాగులో పెట్టేసుకుంటే సరిపోతుందా? సరిపోతుంది, బోర్డింగ్ గేటు దాకా.

[భుజం బ్యాగుని సూట్‌కేసు మీద పెట్టి చూపించాలి]

గేటు దగ్గర లైన్లో ఉంటారు. స్టాఫ్ అమ్మాయి నవ్వుతూ వచ్చి, "సర్, పైన బిన్స్ నిండిపోయాయి, మీ బ్యాగు కింద వేస్తాం" అని ట్యాగ్ కట్టేస్తుంది. మీరూ నవ్వుతూ ఇచ్చేస్తారు, చేతులు ఖాళీ అయ్యాయని సంతోషం కూడా. ఆ ఒక్క క్షణంలో మీ భుజం బ్యాగు అలిపిరి బ్యాగైపోయింది! ల్యాప్‌టాప్, అమ్మ గాజులు, పవర్ బ్యాంకు, అన్నీ వ్యాన్ ఎక్కేశాయి.

దీనికి నేను చేసే పని, క్యాబిన్ బ్యాగులో లోపల ఇంకో పల్చటి గుడ్డ సంచి. కూరగాయలకి తీసుకెళ్తామే, అలాంటిదే. విలువైనవన్నీ అందులోనే. ట్యాగ్ కట్టేలోపు ఆ సంచి బయటికి లాగి చంకలో పెట్టుకుంటాను. అమ్మమ్మ బొడ్డు సంచి టెక్నాలజీ. ఎలాగూ పవర్ బ్యాంకు, విడి బ్యాటరీలు కింద వేయకూడదు, తీయాల్సిందే. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు. 100 లోపు మామూలుగా క్యాబిన్‌లో అనుమతిస్తారు. 100 నుంచి 160 మధ్య అయితే ఎయిర్‌లైన్‌ని ముందే అడగాలి.

సరే, దిగారు. ఇప్పుడు దొంగతనాలు. బార్సిలోనాలో కేఫ్ బయట కూర్చుని ఫోన్ టేబుల్ మీద పెడతారు. ఒకడొచ్చి మ్యాపో, ఏదో కాగితమో సరిగ్గా ఫోన్ మీదుగా పరిచి అడ్రస్ అడుగుతాడు. మనం మర్యాదస్తులం, చూసి చెబుతాం. వాడు థ్యాంక్స్ చెప్పి కాగితంతో పాటు ఫోన్ కూడా మడిచి తీసుకుపోతాడు. లండన్‌లో అయితే ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చి చేతిలోది లాక్కెళ్తారు.

ఇక్కడ క్లెయిమ్ అంతా మీరు వాడే మాట మీద ఆధారపడుతుంది. "ఎక్కడో పోయినట్టుంది, ఎలా పోయిందో తెలీదు" అని రాస్తే చాలా పాలసీల్లో అది కవర్ కాదు. దొంగతనమైతే దొంగతనమనే రాయాలి. అలాగని జరగనిది రాయమనట్లేదు, నన్ను ఇరికించకండి. పోలీస్ రిపోర్టు చాలా కంపెనీలు 24 గంటల్లోపు అడుగుతాయి. స్పెయిన్‌లో దాన్ని దెనున్సియా అంటారు, కాపీ చేతిలో పెట్టుకునే స్టేషన్ దాటండి. టేబుల్ మీద వదిలేసి బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు పోతే "గమనించకుండా వదిలేశారు" అని కొట్టేస్తారు. అలిపిరిలో బ్యాగు కౌంటర్‌లో ఇవ్వకుండా మెట్ల మీద పెట్టేసి వెళ్లినట్టు లెక్క. దానికి టోకెన్ కూడా లేదు.

అమెరికాలో, శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో ఉన్న మనవాళ్లకి ఇంకోటి తెలుసు. అక్కడ గోల్డెన్ గేట్ బ్రిడ్జి చూసొచ్చేసరికి కారు అద్దం పగిలి సీటంతా గాజు ముక్కలు, ల్యాప్‌టాప్ బ్యాగు లేదు. కారు ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ ఉంటే అద్దానికి వస్తుంది, లోపలి ల్యాప్‌టాప్‌కి రాదు. అక్కడ కూడా టోకెన్ కారుకే! ల్యాప్‌టాప్‌కి పనికొచ్చేది రెంటర్స్ ఇన్సూరెన్స్. అద్దె ఇంట్లో ఉండే విద్యార్థులు అపార్ట్‌మెంట్ వాళ్లు అడిగారని తీసుకుని మర్చిపోతారు. సాధారణంగా అది ఇంటి బయట పోయిన వస్తువులకి కూడా వర్తిస్తుంది. కాకపోతే డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందు మన జేబులోంచి భరించాల్సిన మొత్తం, చూసుకోండి. అది 500 డాలర్లయితే 400 డాలర్ల ఫోన్‌కి వచ్చేది సున్నా.

మరి మనం ఇండియా నుంచి వెళ్తే? కెమెరాకో, ల్యాప్‌టాప్‌కో విడిగా పాలసీ తీసుకోవచ్చు. లేదా ఇంటి ఇన్సూరెన్స్‌లోనే నగలకి, వెంట తీసుకెళ్లే ఎలక్ట్రానిక్స్‌కి వేరే సెక్షన్లు ఉంటాయి. వస్తువు పేరు, సీరియల్ నంబరు, విలువ రాయించాలి. ఇక్కడ టోకెన్ వస్తువుకే ఇస్తారన్నమాట, అందుకే ప్రీమియం కూడా విడిగా. ఏజెంట్‌ని ఒక్క ప్రశ్న అడగండి, "ఇది ఇండియా బయట పనిచేస్తుందా?" అని. చాలావాటిలో మామూలుగా ఇండియా వరకే ఉంటుంది, ప్రపంచమంతా కావాలంటే ఎక్స్‌ట్రా కట్టాలి. సమాధానం నోటితో వద్దు, మెయిల్‌లో అడగండి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, ఎడిటర్ చేతులు ఊపుతున్నాడు. మిగతావి గబగబా.

బిల్లులు. బావమరిది గిఫ్ట్ ఇచ్చిన వాచీకి బిల్లు ఆయన పేరు మీద ఉంటుంది. ముందే ఆయన దగ్గర చిన్న లెటర్ తీసుకోండి. అన్ని బిల్లులూ, వస్తువుల ఫోటోలూ మెయిల్‌లో పడేసుకోండి. ఫోన్‌లోనే దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతాయి.

ఐఎంఈఐ, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబరు. స్టార్ హాష్ జీరో సిక్స్ హాష్ కొట్టండి, వచ్చిన నంబర్లు కాగితం మీద రాసుకోండి. పోయిన ఫోన్‌ని మన ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేస్తే మన దేశం నెట్‌వర్కులకి వర్తిస్తుంది. ఫోన్ బార్సిలోనాలో తిరుగుతుంటే దాని మీదే ఆశ పెట్టుకోకండి.

ఐఫోన్‌లో స్టోలెన్ డివైస్ ప్రొటెక్షన్, ఆండ్రాయిడ్‌లో థెఫ్ట్ డిటెక్షన్ లాక్ ఇప్పుడే ఆన్ చేయండి, వీడియో ఆపి. ఫోన్ పోయాక "మీ ఫోన్ దొరికింది, ఈ లింక్ నొక్కండి" అని మెసేజ్ రావొచ్చు. పంపేది దొంగే, నొక్కకండి.

సిమ్. ఇండియా సిమ్ ఆ ఫోన్‌లోనే ఉంటే ఓటీపీలూ పోయినట్టే. పాత చిన్న ఫోన్‌లో వేసి హోటల్ గదిలో ఉంచండి. బ్యాంకు విదేశీ హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద.

కస్టమ్స్. ఖరీదైన నగలు, కెమెరా తీసుకెళ్తుంటే వెళ్లేటప్పుడే ఎయిర్‌పోర్టు కస్టమ్స్ వాళ్లకి వస్తువు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు "ఇది అక్కడ కొన్నారా?" అని అడిగితే మీ పెళ్లి ఆల్బమ్ చూపించాల్సి వస్తుంది.

క్రెడిట్ కార్డు ఇచ్చే కవరేజీ గురించి ఇంకో వీడియో చేస్తాను. టికెట్ ఆ కార్డుతోనే కొని ఉండాలనే షరతు ఉందేమో మాత్రం చూసుకోండి.

ఆఁ, బాబాయ్ వచ్చే నెల సింగపూర్ వెళ్తున్నారు. ఈసారి కొత్త కెమెరాకి విడిగా పాలసీ చేయించారు, బిల్లు నాకు కూడా పంపారు. పొద్దున "సర్దడం మొదలెట్టాంరా, చూడు" అని వాట్సాప్‌లో సూట్‌కేసు ఫోటో పెట్టారు. జూమ్ చేసి చూస్తే చీరల మధ్య నల్లగా ఏదో ఉంది.

పవర్ బ్యాంకు.

ఆయనకి ఫోన్ చేయాలి, ఉంటాను.