మూడో అరలో మాత్ర

అధ్యక్షులకు, పెన్షనర్ల సంఘం మిత్రులకు నమస్కారం. ముసలితనంలో ఆరోగ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నడవండి, ఉప్పు తగ్గించండి. అయిపోయింది. మిగతా టైమంతా మా అక్క గురించి చెప్తా.

నేను తిరుపతిలో ముప్పై ఏళ్లు మందుల షాపు నడిపినవాణ్ణి. అక్కకు క్యాన్సర్‌కని కీమో మొదలయ్యాక పక్కింట్లో ఊరిబిండి, అదే రోటిపచ్చడి, నూరినా వాంతే. వాంతులాపే ఒండాన్‌సెట్రాన్ మాత్ర వేస్తే మొదటిరోజు ఆగేది, మూడోరోజుకి మళ్లీ మామూలే. సంగటి ముద్ద చూసి "రేపు తింటాలేరా" అనేది.

అప్పుడు చుట్టాలాయన ఒకరు ఆరు వేలకు గంజాయి నూనె తెచ్చాడు. గడ్డ కరిగిపోతుందట! సీసా మీద లేబుల్ లేదు. బ్యాచ్ నంబరు లేని మాత్ర అమ్మని నేను, నోరు మూసుకుని మజ్జిగలో చుక్కలు వేశా. ఆ రాత్రి అక్క నిద్రపోయింది, మనసు నిండింది. మూడోరోజు తల తిరిగి బాత్‌రూంలో పడింది. డాక్టరు "ఇంకేమైనా ఇస్తున్నారా?" అంటే "లేదు సార్" అన్నా. పోలీసు భయం కొంత, సిగ్గు ఎక్కువ.

గంజాయిలో మందుందన్న మాట పూర్తిగా అబద్ధమా అంటే, కాదండీ. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీని 1964లో విడదీశారు. దాన్ని కృత్రిమంగా చేసిన డ్రోనాబినాల్‌కు, కీమో వాంతులకని, 1985లో అమెరికా అనుమతిచ్చింది. అదే ఏడాది మనం మత్తుమందుల మీద ఎన్డీపీఎస్ చట్టం తెచ్చుకున్నాం. అందులోనూ వైద్యానికి, పరిశోధనకు దారి ఉంచారు. ఆ చట్టం ప్రకారం గంజాయి అంటే పూతా కాయా ఉన్న కొసలే. విడి ఆకు ఆ లెక్కలోకి రాదు. కానీ వాంతి తగ్గడం వేరు, క్యాన్సర్ తగ్గడం వేరు. రెండోది మనుషుల్లో రుజువు కాలేదు. ఏళ్ల తరబడి గంజాయి వాడితే అదే ఆగని వాంతులు తెప్పిస్తుంది కూడా!

గంట కొట్టకండి సార్, రెండు నిమిషాలు. మీ ఇళ్లల్లో డాక్టరుకి చెప్పకుండా నూనెలూ పసర్లూ వాడినవాళ్లు చేతులెత్తండి... చూశారా? నేనొక్కణ్ణే కాదు.

నాలుగో కీమోకి డాక్టరు దగ్గర నిజం ఒప్పుకున్నా. తిట్టలేదు. "ముందే చెప్తే బాగుండేది" అని ఒలాంజపిన్ రాశాడు. మానసిక జబ్బులకిచ్చే మాత్ర, కీమో వాంతులకూ పనిచేస్తుంది. మా షాపులో మూడో అరలో ఎప్పుడూ ఉండేదే! చవక కూడా.

వారానికి అక్క సగం ముద్ద సంగటి తింది. ఊరిబిండి మాత్రం పక్కకు జరిపింది.