కేసు పెట్టిన రోజే పని అయిపోతుంది
(మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎన్నికైన నాయకుల మీద రాజద్రోహం కేసుల గురించి మాట్లాడమన్నారు. ఆలాపల్లి వైపు పోయే ఆఖరి బస్సు సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు కాబట్టి సీదా విషయంలోకి వస్తాను.

2022 ఏప్రిల్‌లో మన విదర్భ ఎంపీ, అమరావతి నుంచి గెలిచిన నవనీత్ రాణా, ముంబైలో అప్పటి ముఖ్యమంత్రి ఉద్ధవ్ ఠాక్రే సొంతింటి ముందు హనుమాన్ చాలీసా చదువుతానని ప్రకటించారు. చదవలేదు, చదువుతానన్నారు అంతే. ఆమెనూ, ఎమ్మెల్యే అయిన ఆమె భర్తనూ అరెస్టు చేసి భారత శిక్షాస్మృతి 124ఏ సెక్షన్ కింద రాజద్రోహం కేసు పెట్టారు. మే మొదటి వారంలో బెయిలిస్తూ సెషన్స్ కోర్టు ఏమందంటే, వాళ్ల మాటలు హద్దు దాటి ఉండొచ్చు గానీ, పైకి చూస్తే ఆ సెక్షన్ పెట్టేంత సంగతి లేదని. అంతకు ఏడాది ముందు, మన దగ్గర ప్రాణహితను కలుపుకున్న గోదావరి సముద్రంలో పడేచోట, నరసాపురం ఎంపీ రఘురామకృష్ణరాజు గారి వంతు. వైసీపీ టికెట్ మీద గెలిచి ఆ ప్రభుత్వాన్నే రోజూ తిడుతుండేవారు. ఆంధ్ర సీఐడీ హైదరాబాద్ దాకా వచ్చి పట్టుకుపోయింది, అదే సెక్షన్. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు బెయిలిచ్చింది.

ఈ ఇద్దరి రాజకీయాలూ నాకు పడవు, దాచుకోవాల్సిన పని లేదు. కానీ ఆ రెండుసార్లూ "బాగైంది" అన్నవాళ్లు నా చుట్టూ చాలామంది ఉన్నారు, నా ఇంట్లో కూడా. ఇవాళ నేను మాట్లాడేది వాళ్లతోనే అనుకోండి.

ఇలాంటి కేసు కోర్టులో నిలబడాల్సిన అవసరమే లేదు. పెట్టిన రోజే దాని పని అయిపోతుంది. ఎలాగో చెప్తాను. ఈ సెక్షన్ బ్రిటిష్‌వాళ్లు 1870లో పెట్టింది. వాళ్ల కాలంలో కూడా వారంట్ లేకుండా పోలీసు అరెస్టు చేయడానికి వీల్లేదు. ఆ వీలు ఇచ్చింది ఇందిరాగాంధీ హయాంలో, 1973లో వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్. ఇంకో తమాషా ఏంటంటే, కోర్టు కేసును విచారణకు తీసుకోవాలంటే రాష్ట్రమో కేంద్రమో అనుమతివ్వాలి. అరెస్టు చేయడానికి మాత్రం ఆ అనుమతి అక్కర్లేదు. అంటే మనిషిని ముందు లోపలేసి, కేసులో పస ఉందా లేదా అని తర్వాత తీరుబడిగా ఆలోచించుకోవచ్చు. లక్షల మంది వేసిన ఓటును ఒక స్టేషన్ ఆఫీసర్ సంతకం కొన్నాళ్లపాటు పక్కన పెట్టేస్తుంది. పార్లమెంటు లోపల మాట్లాడితే రాజ్యాంగం 105వ అధికరణం కాపాడుతుంది. బయట మైకు పట్టుకుంటే ఎంపీ అయినా మీలాంటివాడే.

మహారాష్ట్రలో కూర్చుని తిలక్ పేరెత్తకపోతే బాగుండదు. మాండలే జైలు సంగతి అందరికీ తెలుసు, అది 1908 రాజద్రోహం కేసు. కానీ 1897లో మొదటిసారి రాజద్రోహం కేసు పెట్టినప్పుడు ఆయన బొంబాయి శాసనమండలికి ఎన్నికైన సభ్యుడన్న సంగతి చాలామందికి తెలియదు. జ్యూరీలో ఆరుగురు యూరోపియన్లు నేరం చేశాడన్నారు, ముగ్గురు భారతీయులు లేదన్నారు. ఏడాదిన్నర కఠిన శిక్ష పడింది.

తెల్లవాళ్లు పోయారు కదా అంటారా? నెహ్రూ గారు 1951లో పార్లమెంటులో నిలబడి ఈ సెక్షన్ అసహ్యకరమైనదనీ, ఎంత తొందరగా వదిలించుకుంటే అంత మంచిదనీ అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1953 ఆగస్టులో, కాశ్మీర్‌లో ఎన్నికైన ప్రధాని (అప్పట్లో అక్కడ ముఖ్యమంత్రిని అలాగే పిలిచేవారు) షేక్ అబ్దుల్లాను పదవి నుంచి తీసేసి జైల్లో పెట్టారు. 1958లో ఆయన్ని పాకిస్తాన్‌తో కుట్ర కేసులో ఇరికించి, 1964లో అదే ప్రభుత్వం ఆ కేసును వెనక్కి తీసుకుంది. తీర్పంటూ రానేలేదు, పదకొండేళ్లలో ఎక్కువ భాగం మాత్రం నిర్బంధంలోనే గడిచిపోయింది. 1975లో ఆయనే మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు, అదీ కాంగ్రెస్ మద్దతుతో!

బయటి దేశాల్లో ఇంకా మోటుగా చేస్తారు. ఆఫ్రికాలో జాంబియా అనే దేశం ఉంది. 2017 ఏప్రిల్‌లో ప్రతిపక్ష నాయకుడు హిచిలేమా, అధ్యక్షుడు లుంగు, ఇద్దరూ ఒకే ఉత్సవానికి కార్లలో పోతున్నారు. హిచిలేమా కాన్వాయ్ అధ్యక్షుడి కాన్వాయ్‌కి దారివ్వలేదని దేశద్రోహం కేసు! మన దగ్గర ట్రాఫిక్ పోలీసు చలానా రాసే విషయం ఇది. అక్కడ ఆ నేరానికి బెయిల్ లేదు. నాలుగు నెలలు జైల్లో ఉంచి, ఆగస్టులో కేసు ఎత్తేశారు. 2021లో అదే లుంగును ఓడించి హిచిలేమా అధ్యక్షుడయ్యాడు. అందరికీ అంత అదృష్టం ఉండదు. కంబోడియాలో ప్రతిపక్ష నాయకుడు కెమ్ సోఖాను 2017 సెప్టెంబర్‌లో ఇదే నేరం కింద పట్టుకున్నారు, రెండు నెలల్లో ఆయన పార్టీనే రద్దు చేశారు, మరుసటి ఏడు ఎన్నికల్లో మొత్తం 125 సీట్లూ అధికార పార్టీకే. శిక్ష ఎప్పుడు పడిందనుకున్నారు? 2023లో. ఎన్నిక అయిపోయాక తీర్పు ఎన్నేళ్లకొస్తే వాళ్లకేంటి?

మన ఊళ్లకొస్తే, ఇంత పెద్ద సెక్షన్లు కూడా అక్కర్లేదు. మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక ఇటువైపు పొలాలు మునుగుతున్నాయని, పరిహారం కోసం మన రైతులు ఎన్నాళ్లు కూర్చున్నారో నేను చెప్పక్కర్లేదు. ఇలాంటి విషయంలో లేచి మాట్లాడిన సర్పంచ్‌ను "నీ వెనకాల అన్నలున్నారా?" అని ఎవరో ఒక మాట అంటే చాలు, పక్కన నిలబడ్డవాళ్లు మెల్లగా జరిగిపోతారు. వకీలుగా నేను చూసిన ఒక సర్పంచ్ ఉన్నాడు, ఆయన మీద పెట్టింది రాజద్రోహం కూడా కాదు, మామూలు సెక్షన్లే. తెల్లారకముందే ఎస్టీ బస్సు ఎక్కి, ఆ గుంతల రోడ్డు మీద గడ్చిరోలి చేరేసరికి "సాహెబ్ సెలవు, ఇంకో తారీఖు" అంటారు. సంచిలో ఎఫ్ఐఆర్ జిరాక్సు మడతల దగ్గర చిరిగిపోయి, టేపు అతికించి ఉంటుంది. ఆయన అక్కడ కోర్టు వరండాలో కూర్చున్న రోజున ఇక్కడ గ్రామసభలో కోరం ఉండదు. నల్లా బిల్లుల గొడవ అలాగే ఉంటుంది. కేసు ఆయన మీదే, నష్టం ఊరందరిదీ. ఊళ్లో మాత్రం ఆయన్నే తిడతారు, "ఎప్పుడు చూసినా తారీఖులే" అని.

సుప్రీంకోర్టు 2022 మే 11న 124ఏని పక్కన పెట్టింది కదా, ఇంకేం భయం అని ఒక తమ్ముడు ఇందాక అడిగాడు. 2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో 152వ సెక్షన్ చదువుకో తమ్ముడూ. రాజద్రోహం అన్న పేరు లేదు. పాతదాంట్లో యావజ్జీవం లేకపోతే మూడేళ్ల వరకు, ఇందులో యావజ్జీవం లేకపోతే ఏడేళ్ల వరకు. దేశ సార్వభౌమత్వానికి ప్రమాదం తెచ్చే మాట, రాత, ఎలక్ట్రానిక్ సందేశం అన్నీ వస్తాయి. ఏది ప్రమాదమో మొదట తేల్చేది మళ్లీ ఆ స్టేషన్ ఆఫీసరే.

ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు దీన్ని తీసేస్తామంటారు, నమ్మేముందు ఇది వినండి. 2019 ఎన్నికల మేనిఫెస్టోలో కాంగ్రెస్ 124ఏ రద్దు చేస్తామని రాసుకుంది. ఆ జూన్‌లోనే మన సరిహద్దు అవతల రాజనందగావ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగా, కరెంటు కోతల మీద వీడియో పెట్టినాయన మీద పోలీసులు అదే 124ఏ పెట్టారు. గొడవయ్యాక ముఖ్యమంత్రి జోక్యంతో వెనక్కి తీసుకున్నారు.

అందుకని, ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లను, మీ పార్టీ వాళ్లయినా సరే, "152 రద్దు చేస్తారా?" అని అడగొద్దు, దానికి అందరూ తలూపుతారు. "ప్రభుత్వ అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదని సవరణ తెస్తే మీ పార్టీ ఓటేస్తుందా?" అని అడగండి. ఔనో కాదో చెప్పమనండి. చెప్పేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి ఉంచండి.