ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?

శ్రోతలకు నమస్కారం.

మా క్లినిక్‌కు ఒకావిడ తలనొప్పితో వచ్చారు. యాభై దాటిన మనిషి. బీపీ 160/100. మాత్ర రాశాను. రెండు వారాలకు చూస్తే అంతే ఉంది. మాత్ర మార్చాను. మళ్లీ అంతే. మందు రోజూ వేసుకుంటున్నారు, ఊరగాయలు కూడా మానేశారు. మూడోసారి వచ్చినప్పుడు, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. "ఇంట్లో ఎవరెవరు ఉంటారమ్మా?"

ఆవిడ చెబుతుంటే చీటీ వెనక బొమ్మ గీశాను. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు సున్నా, పెళ్లికి ఒక గీత. జీనోగ్రామ్ అంటారు దీన్ని. అత్తగారి సున్నా దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గింది.

"పక్షవాతమండీ. మంచం పట్టి ఎనిమిది నెలలైంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి."

"రాత్రి కూడానా?"

"రాత్రి కూడా."

"ఎవరు తిప్పుతారు?"

"నేనే."

కుటుంబ వైద్యంలో పేషెంట్ల సమస్యలను నంబర్లతో రాసుకునే ఒక వర్గీకరణ ఉంది. ఐసీపీసీ అంటారు, 1987లో వచ్చింది. మొత్తం 17 అధ్యాయాలు, ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లిషు అక్షరం. గుండె, రక్తనాళాలది 'కె'. చివరిది 'జెడ్'. ఈ 'జెడ్'లో రోగాలుండవు. చేతిలో డబ్బు లేకపోవడం, ఇల్లు సరిగా లేకపోవడం, ఉద్యోగం పోవడం, భార్యాభర్తల మధ్య పడకపోవడం, ఇంట్లో మనిషి జబ్బు. ఒక్కోదానికి ఒక్కో నంబరు. బీపీకి ఉన్నట్టే ఇంటి బాధకూ కేసు కాగితం మీద చోటుంది. నాకిది చాలా గొప్ప విషయం.

అయితే ఒక నియమం ఉంది. ఇది సమస్యేనని, సాయం కావాలని పేషెంటు ఒప్పుకోవాలి. డాక్టరు తనంతట తాను ఊహించి రాయకూడదు.

ఆవిడ ఒప్పుకోలేదు. "అత్తగారిని చూసుకోవడం కూడా సమస్యేనా అండీ?" అన్నారు, కాస్త నొచ్చుకుని. నేను రాయలేదు.

నెల తర్వాత వచ్చి కూర్చున్నారు. బీపీ చూడకముందే, "డాక్టరు గారూ, ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోతే చాలనిపిస్తోంది" అన్నారు.

"రాయమంటారా?"

"రాయండి."

కె 86 అని బీపీ, దాని కిందే జెడ్ 22, కుటుంబ సభ్యుల అనారోగ్యం వల్ల సమస్య. మాత్ర మార్చలేదు. ఈసారి భర్తను వెంటబెట్టుకుని రమ్మన్నాను.

అందుకే మీకు ఒక్క మాట. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మందుల చీటీతో పాటు, ఇంట్లో ఎవరెవరు ఉంటారో, రాత్రి ఎవరి కోసం లేస్తున్నారో చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. "ఇది కూడా చెప్పాలా" అని మొహమాటపడకండి. మీరు చెబితేనే మేం రాయగలం.

ఆ భర్త వచ్చారు. బొమ్మ చూపించి, రెండు గంటలకోసారి లేవడం గురించి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. వెళ్తూ తలుపు దగ్గర ఆగి, భార్యను అడిగారు.

"పన్నెండుకీ, రెండుకీ నేను లేస్తాను. ఎటువైపు తిప్పాలో చూపిస్తావా?"